చల్లారే ప్లాస్టిక్కులో స్ఫటికాలు

గత వేసవిలో మా మిత్రులలో ఒకరి వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చిన వేళ, వారి అమ్మగారి చంకన ఉన్న నిండు బిందె అంచు మొదలు అడుగు దాకా నిట్టనిలువుగా చీలిపోయింది. పాత సామాను ఇచ్చి కొత్త బిందె తీసుకొని అప్పటికి పదిహేను రోజులైనా కాలేదు. ఆ పూట వారింట వంటకు నీళ్లు లేకపోయాయి. పక్కింటివారు "నాసి సరుకమ్మా" అని ఓదార్చారు. నాసి అనే మాట నిజమే కావచ్చును గాని, అది కారణం కాదు. రసాయన శాస్త్రం చదువుతున్న మాకు ఆ మాటతో తృప్తి కలుగలేదు. చీలిన ముక్కను తీసుకొని అంచును గోటితో గీరి చూచితిమి. అది పొరలు పొరలుగా లేచి వచ్చింది. గూడూరు ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఆ పొరలను చూడగానే మరొక వస్తువు స్ఫురించక మానదు. అది అభ్రకం.

సైదాపురం, కలిచేడు పరిసరాలలోని గనుల నుండి వంద సంవత్సరాలకు పైగా అభ్రకం వెలికివచ్చింది. ఆకుపచ్చని ఛాయ గల ఈ ప్రాంతపు అభ్రకానికి విద్యుత్ పరికరాల తయారీలో ఒకనాడు మంచి గిరాకీ ఉండేది. తెలుగువారు అభ్రకమని, కాకిబంగారమని పిలిచిన దానినే ఉర్దూలో అబ్రక్ అంటారు. మన పత్రికలోని రెండు భాషలూ ఈ ఒక్క మాటను చెరి సగం పంచుకొన్నవి. భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారుతున్నప్పుడు అణువులు వరుస తీరి నిలబడినందున అభ్రకపు రేకులు ఏర్పడినవి. బిందె కూడా ఒకప్పుడు కరిగిన ద్రవమే, అదీ చల్లారినదే. మరి అభ్రకంలో పొర ప్రకృతి పెట్టిన క్రమం కాగా, బిందెలో పొర దానికి చేటు ఎందుకు తెచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటే ఈ వ్యాసోద్దేశం.

అణువులు లేదా అయానులు ఒక నిర్ణీత క్రమంలో, ఒకే తీరున మళ్లీ మళ్లీ పేర్చబడిన ఘనపదార్థాన్ని స్ఫటికం అంటారు. ఉప్పు, పంచదార, పటికబెల్లం స్ఫటికాలు. పటిక అనే మాటే స్ఫటిక శబ్దం నుండి పుట్టినది కావున, మన పూర్వులు ఈ శాస్త్ర పదాన్ని ఏనాడో వంటింటికి తెచ్చుకొన్నారన్నమాట. పంచదార అణువు చిన్నది, ఆకారం స్థిరమైనది. ఇటుక మీద ఇటుక వలె అది తన స్థానంలో కూర్చుంటుంది. ప్లాస్టిక్కు సంగతి అట్లు కాదు. దాని అణువు పొడవైన గొలుసు. ఈ భావనను 1920లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించినప్పుడు తోటివారు చాలామంది నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చేనాటికి ఆ గొలుసులతో లోకం నిండిపోతున్నది. 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో పాలిథీన్ అనుకోకుండా తయారైనది. జర్మనీలో జీగ్లర్ 1953లో కనుగొన్న ఉత్ప్రేరకాల దారిలో, ఇటలీలో నట్టా 1954లో క్రమబద్ధమైన పాలిప్రొపిలీనును సాధించాడు. ఈ ఇద్దరూ 1963లో నోబెల్ బహుమానాన్ని పంచుకొన్నారు. నేడు మన ఇళ్లలోని బిందెలు, బకెట్లు, కుర్చీలు, గోనె సంచులకు బదులు వచ్చిన తెల్ల సంచులు అధిక భాగం ఈ రెండు పదార్థాలే.

పదివేల ఎథిలీన్ అణువులు చేరిన ఒక గొలుసును నిటారుగా సాగదీస్తే దాని పొడవు సుమారు రెండున్నర మైక్రాన్లు ఉంటుంది. కరిగిన స్థితిలో ఇటువంటి గొలుసులు కోట్లాదిగా, పళ్లెంలో పోసిన సేమ్యా వలె ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. చల్లారే ఆ కొద్ది సమయంలో ఇవి వరుస తీరడం సాధ్యమా? 1957లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ కెల్లర్ పాలిథీన్ యొక్క అతి చిన్న స్ఫటికాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. అదే సంవత్సరం మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా అటువంటి స్ఫటికాలనే తయారుచేశారు. ఆ స్ఫటికాలు పలుచని రేకులు, మందం మైక్రానులో వందవ వంతు మాత్రమే. గొలుసు ఆ మందానికి అడ్డంగా నిలబడి ఉన్నదని తేలింది. రెండున్నర మైక్రాన్ల గొలుసు అంత పలుచని రేకులో ఎట్లు ఇమిడినది? కెల్లర్ చెప్పిన సమాధానం మన ఆడవారికి కొత్తది కాదు. ఆరు గజాల చీర జానెడు వెడల్పు కుచ్చిళ్లలో ఇమిడినట్లే గొలుసు ముందుకూ వెనుకకూ మడతలు పడుతుంది.

అయితే కరిగిన ద్రవం గట్టిపడినప్పుడు మడతలన్నీ అంత పొందికగా పడవు. కొన్ని గొలుసులు ఒక రేకులో సగం మడతపడి, మిగిలిన సగం పక్క రేకులోకి పోతాయి. కొన్ని ఏ రేకులోనూ చోటు దొరకక నడుమ చిక్కుగానే మిగులుతాయి. కాబట్టి ప్లాస్టిక్కు ఎన్నడూ సంపూర్ణ స్ఫటికం కాదు. గట్టి పాలిథీనులో మూడు వంతుల వరకు, పాలిప్రొపిలీనులో సుమారు సగం లేదా కొంచెం ఎక్కువ మాత్రమే స్ఫటిక భాగం. మిగిలినది అస్ఫటికం. ఇది లోపమని తొందరపడరాదు. రేకుకూ రేకుకూ మధ్య వంతెన కట్టిన గొలుసులే బిందె కింద పడినప్పుడు దెబ్బను ఓర్చుకొంటాయి. స్ఫటికం బిగువునిస్తే, చిక్కు సాగే గుణాన్ని ఇస్తుంది.

ఇక చల్లారే తీరు. దీనికి ఇంట్లోని నేతి గిన్నె కంటే మంచి ప్రయోగశాల లేదు. కాచిన నెయ్యిని రెండు గిన్నెలలో పోసి, ఒకదానిని గుడ్డ కప్పి మూలన ఉంచాలి, రెండవదానిని చన్నీళ్లలో పెట్టాలి. నెమ్మదిగా చల్లారిన నెయ్యి పూస కడుతుంది. చన్నీళ్లలోని నెయ్యి వెన్న వలె నున్నగా పేరుకొంటుంది. నెయ్యి ఒకటే, తేడా అంతా చల్లార్చిన వేగంలోనే ఉన్నది. స్ఫటికం ఏర్పడడానికి రెండు పనులు జరగాలి. మొదట ఒక బీజం పుట్టాలి, పిదప అది పెరగాలి. కరిగే ఉష్ణోగ్రతకు కొంచెం దిగువన బీజాలు అరుదుగా పుడతాయి, పుట్టిన కొద్ది బీజాలు తీరికగా పెద్దవవుతాయి. వేగంగా చల్లబరిస్తే బీజాలు అసంఖ్యాకంగా పుట్టి ఒకదానికొకటి అడ్డం వచ్చి చిన్నవిగానే ఆగిపోతాయి. గూడూరు గనులలో చేతికి మించిన అభ్రకపు పుస్తకాలు దొరకడానికి కూడా బీజాలు కొద్దిగా ఉండి, నీటితోను ఇతర ద్రవ్యాలతోను పలుచబడిన శిలాద్రవంలో అవి స్వేచ్ఛగా పెరుగుటయే కారణం. పొరలు దొంతరగా ఉన్న స్ఫటికాన్ని గనివారు పుస్తకమనే అంటారు. విద్యార్థులకు ఇంతకంటే ఇష్టమైన పుస్తకం ఉండకపోవచ్చు.

పాలిప్రొపిలీను సుమారు 165 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. కాని చల్లారేటప్పుడు అదే ఉష్ణోగ్రత వద్ద గట్టిపడదు. సాధారణ వేగంతో చల్లబరిస్తే 110 - 115 డిగ్రీల దాకా దిగి వచ్చిన తరువాతనే స్ఫటికీకరణం జోరందుకొంటుంది. బీజం పుట్టేందుకు ఆ యాభై డిగ్రీల జాప్యం. బీజం చుట్టూ రేకులు అన్ని దిక్కులకూ బంతి వలె పెరుగుతాయి. ధ్రువిత కాంతిలో సూక్ష్మదర్శినితో చూస్తే ఒక్కొక్క బంతి మీద నల్లని శిలువ గుర్తు కనిపిస్తుంది. బంతులు పెద్దవైనకొద్దీ వాటి సరిహద్దులు బలహీనమై, అక్కడనే పగులు మొదలవుతుంది. వంతెన గొలుసులు కూడా తగ్గుతాయి. అచ్చును తీరికగా చల్లార్చిన మందపు వస్తువు ఒక్కొక్కసారి పెళుసుగా ఉండడానికి కారణమిదే. అట్లని మంచులో ముంచినంత వేగంగా చల్లార్చితే స్ఫటికాలు తగినంత ఏర్పడక వస్తువు మెత్తబడుతుంది. అంతేకాదు, మన ఎండలలో పాలిప్రొపిలీను గొలుసులు ఇంకా కొంత కదలగలవు గనుక అచ్చు నుండి తీసిన తరువాత కూడా కొన్ని రోజులపాటు స్ఫటికీకరణం సాగి వస్తువు కుంచించుకుపోతుంది. మూత సరిపోని డబ్బా చూచి మనం తయారీదారుని తిట్టుకొంటాము. తప్పు కొంత గొలుసులది.

మంచినీళ్ల సీసా ఇందుకు విరుద్ధం. దాని పదార్థానికి గొలుసుల కదలిక 70 - 80 డిగ్రీల వద్దనే స్తంభించిపోతుంది. కరిగినదానిని వేగంగా చల్లార్చితే వరుస తీరే అవకాశం చిక్కక గాజు వలె పారదర్శకంగా నిలిచిపోతుంది. నెమ్మదిగా చల్లార్చితే అదే పదార్థం పాల వలె తెల్లబడుతుంది. సంగతి ఇక్కడితో విడిచి మిశ్రమాలకు వద్దాము, బిందె చీలినది అక్కడ గనుక.

రెండు ప్లాస్టిక్కులను కరిగించి కలిపితే కలుస్తాయని అనుకోవడం సహజం. కాని అవి సాధారణంగా కలవవు. రెండు రంగుల పూసలను ఒక పళ్లెంలో పోసి కుదిపితే కలిసిపోతాయి. ఒక్కొక్క పూసకు తన ఇష్టం వచ్చిన చోటికి పోయే స్వేచ్ఛ ఉన్నది. అవే పూసలను వేయేసి చొప్పున దారాలకు గుచ్చితే ఆ స్వేచ్ఛ పోతుంది, కలవడం వలన కలిగే లాభం నామమాత్రమవుతుంది. అందుచేత రెండు రకాల గొలుసుల మధ్య ఏ కొద్ది అయిష్టం ఉన్నా అవి విడిపోతాయి. ఫ్లోరీ, హగ్గిన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1940ల ఆరంభంలోనే దీనిని గణితంలో నిరూపించారు. పాలిథీను, పాలిప్రొపిలీను రెండూ కర్బనం, ఉదజని తప్ప మరేమీ లేని దగ్గరి చుట్టాలు. అయినా ఒకే ఇంట ఇమడవు. చుట్టరికం ఉన్నంత మాత్రాన పొత్తు కుదరదని పెద్దలు అనేది ఇందుకేనేమో.

అరుదుగా నిజంగా కలిసిపోయే జంటలూ ఉన్నాయి. పాలివినైలిడీన్ ఫ్లోరైడు అనేది స్ఫటికాలు కట్టే ప్లాస్టిక్కు. దానిలో స్ఫటికం కట్టని యాక్రిలిక్కును కలిపితే రెండూ అణువు అణువుగా కలుస్తాయి. ఇక చల్లారేటప్పుడు మొదటిది వరుస తీరవలెనంటే రెండవదానిని పక్కకు నెట్టుకొంటూ పోవాలి. అందువలన స్ఫటికం నిదానంగా పెరుగుతుంది, దాని ద్రవీభవన స్థానం కూడా తగ్గుతుంది. యాక్రిలిక్కు సగానికి మించితే మామూలు వేగపు చల్లార్పులో స్ఫటికమే కట్టదు. దీనికి పోలిక మన నిమ్మకాయల ఊరిలో ప్రతి వంటింటా ఉన్నది. పంచదార పాకం గడ్డకట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. ఈ కొత్త అణువులు పాకంలో కలిసి ఉండి పంచదార అణువుల వరుసకు అడ్డు తగులుతాయి. గూడూరు నిమ్మకాయ స్ఫటికానికి ఆటంకమైతే, గూడూరు అభ్రకం దానికి ఎట్లు సాయం చేస్తుందో కొంచెం తాళి చెప్పెదము.

మరికొన్ని జంటలు ఒకే స్ఫటికంలో కూర్చుంటాయి. గట్టి పాలిథీను, కొద్దిపాటి చిన్న కొమ్మలు గల పాలిథీను రకం ఇట్టివి. గొలుసులు ఒకే తీరువి గనుక ఒకే రేకులో పక్కపక్కన మడత పడగలవు. ఇటువంటివి కలిసినందువలన పెద్ద హాని లేదు.

హాని అంతా కలవని జంటలతోనే. పాలిప్రొపిలీనులో పాలిథీను కొద్దిగా కలిసినప్పుడు అది మజ్జిగలో వెన్న వలె బిందువులుగా నిలుస్తుంది. అచ్చులోకి ద్రవం వేగంగా ప్రవహించినప్పుడు ఆ బిందువులు సాగి, పలుచని పొరలవుతాయి. ఇప్పుడు చల్లారడం మొదలవుతుంది. గట్టి పాలిథీను కరిగేది సుమారు 130 డిగ్రీల వద్ద. పాలిప్రొపిలీను కంటే 35 డిగ్రీలు తక్కువ. కాబట్టి పాలిప్రొపిలీను ఎంతో ముందుగా గట్టిపడుతుందని ఎవరైనా ఊహిస్తారు. మేమూ అట్లే ఊహించి పొరబడ్డాము. పాలిథీను బీజాలు త్వరగా పుట్టి వేగంగా పెరిగే స్వభావం కలది. అది 115 - 118 డిగ్రీల వద్దనే స్ఫటికీకరించుకొంటుంది. అనగా కరగడంలో అంత ఎడం ఉన్న రెండూ గడ్డకట్టడంలో దాదాపు ఒకే వేళకు వస్తాయి. ఎవరి స్ఫటికం వారిదే. పాలిథీను స్ఫటిక భాగపు సాంద్రత ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము, అస్ఫటిక భాగానిది 0.855 గ్రాములు. కావున స్ఫటికం కట్టిన ప్రతి చోటా పదార్థం గట్టిగా కుంచించుకుంటుంది. ముందు బిగిసిన దాని నుండి తరువాత బిగిసేది లోనికి లాక్కుంటుంది. ఇరువైపుల నుండి ఒక్క గొలుసైనా సరిహద్దు దాటి అవతలి రేకులో మడత పడదు గనుక ఆ లాగుడును ఆపే వంతెన లేదు. కంటికి ఒకటిగా కనిపించే గోడ లోపల పొర పొరకూ మధ్య ఎడబాటు సిద్ధమై ఉంటుంది. పదిహేను లీటర్ల నీళ్ల బరువు దానిని బయటపెడుతుంది. మిత్రుని ఇంట చీలిన బిందె ముక్కలో మేము గోటితో లేపిన పొరలు ఈ లక్షణమే.

బిందువులు మరీ సూక్ష్మమైతే మరొక విచిత్రం జరుగుతుంది. బీజం సామాన్యంగా శుద్ధ ద్రవంలో తనంతట పుట్టదు. ఏదో దుమ్ము కణాన్నో, ఉత్ప్రేరకపు మిగులునో ఆసరా చేసుకొని పుడుతుంది. ద్రవాన్ని దుమ్ము కణాల సంఖ్య కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బిందువులుగా చీల్చితే చాలా బిందువులకు ఒక్క కణమైనా దక్కదు. ఆసరా లేని బిందువు తన సమయం దాటినా ద్రవంగానే ఉండిపోతుంది. మేఘాలలోని శుద్ధమైన నీటి బిందువులు సున్నా డిగ్రీలకు బదులు, సున్నాకు దిగువ 38 డిగ్రీల వరకు గడ్డకట్టకుండా ఉండగలగడం ఇందువల్లనే. అభ్రం అంటే మేఘం కదా, మన అభ్రకం పేరు కూడా అక్కడిదే. పాలిస్టైరీనులో సన్నని బిందువులుగా చెదిరిన పాలిప్రొపిలీను కూడా ఇట్లే అనేక పదుల డిగ్రీలు ఆలస్యంగా, విడతలు విడతలుగా గట్టిపడుతుంది.

ఈ ఆసరా సంగతి తెలిసిన తయారీదారులు బీజాలను తామే వేస్తారు. అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో దొరికే బలపపు రాయిని మెత్తగా పొడి చేసి పాలిప్రొపిలీనులో కలిపితే, ఆ కణాల ముఖాల మీద స్ఫటిక బీజాలు సులభంగా నిలుస్తాయి. గడ్డకట్టే ఉష్ణోగ్రత 120 డిగ్రీలను దాటుతుంది. బంతులు చిన్నవవుతాయి, అచ్చు నుండి వస్తువును త్వరగా తీయవచ్చు. కాంతి తరంగం కంటే చిన్న స్ఫటికాలు ఏర్పడేటట్లు చేసే ప్రత్యేక ద్రవ్యాలు కలిపినందువల్లనే నేటి పాలిప్రొపిలీను డబ్బాలు అద్దం వలె కనిపిస్తున్నాయి. అభ్రకపు పొడి బీజాలకు బలపంతో సమానం కాకపోయినా కొంత ఆసరా ఇస్తుంది. దాని అసలు మేలు వేరు. పలుచని రేకులు ప్లాస్టిక్కులో పరచుకొని దానికి బిగువునిస్తాయి, చల్లారేటప్పుడు వంకర పోకుండా పట్టి ఉంచుతాయి. కారు భాగాలలో ఇటువంటి మిశ్రమాలు వాడుతారు. పెద్ద రేకులకు పూర్వపు గిరాకీ తగ్గిన పిదప, గనుల వద్ద గుట్టలు పడిన తుక్కు అభ్రకానికి పొడి రూపంలో మళ్లీ విలువ రావడం మన ప్రాంతపువారు గమనింపదగినది.

ఇన్ని తెలుసుకొని మేము పాత సామాను కొట్టుకు పోయితిమి. ఆ కొట్టు మాలో ఒకరి మేనమామగారిది. మేమందరమూ ఆయనను మామూ అనియే పిలుస్తాము. ఆయన ఎన్నడూ కళాశాల గడప తొక్కలేదు. చేతికి వచ్చిన ముక్కను రాతి మీద తట్టి శబ్దం వింటారు, వంచి చూస్తారు, గోటితో గీస్తారు. అనుమానమైతే నీళ్ల తొట్టిలో వేస్తారు. "మునిగేది వేరు, తేలేది వేరు బేటా. మునిగేదాన్ని తేలేదాంతో కలిపితే మిల్లువాడు మొత్తం బస్తా వెనక్కి పంపిస్తాడు" అన్నారు. శాస్త్రం కూడా ఇదే. సీసాల పదార్థం, పైపుల పదార్థం నీటికంటే బరువైనవి. పాలిథీను 0.92 నుండి 0.96 వరకు, పాలిప్రొపిలీను 0.90. రెండూ తేలుతాయి. కాబట్టి నీళ్ల తొట్టి వేరు చేయలేని జంట సరిగ్గా కలిస్తే హాని చేసే ఈ జంటే. మిగిలిన భారమంతా మామూ చెవి మీద, గోరు మీద ఉన్నది. వేరు చేసిన సరుకుకు ఒక ధర, కలగాపులగానికి అందులో ఎంతో తక్కువ. ఆ తేడాలోనే ఆయన కొట్టులో ఏరే ఆడవారి కూలి ఇమిడి ఉన్నది. కొన్ని చోట్ల ముక్కను కాల్చి వాసన చూచే అలవాటు కలదు. పైపుల ప్లాస్టిక్కు కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది గనుక దానిని మేము గట్టిగా వారించితిమి. మామూ నవ్వి, ఆ సంగతి తన దగ్గుకు ఎప్పుడో తెలుసునన్నారు.

ఈ జంటకు సంధి కుదిర్చే ప్రయత్నాలు లేకపోలేదు. ఒక భాగం పాలిథీనుగా, ఒక భాగం పాలిప్రొపిలీనుగా మార్చి మార్చి అల్లిన గొలుసును కొద్దిగా కలిపితే, దాని ఒక భాగం ఇటు రేకులోను మరొక భాగం అటు రేకులోను మడత పడి వంతెన అవుతుంది. అమెరికాలోని కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాలవారు నాలుగు భాగాలుగా అల్లిన ఇటువంటి గొలుసును నూటికి ఒక వంతు కలిపినంతనే పెళుసు మిశ్రమం సాగే పదార్థమైనదని ‌2017లో ప్రకటించారు. మనకు దగ్గరలో 1968లో మద్రాసులో నెలకొల్పబడిన కేంద్ర ప్లాస్టిక్కు సాంకేతిక సంస్థకు నేడు హైదరాబాదు, విజయవాడలలో కూడా శాఖలు ఉన్నాయి. ఈ విద్యలో ఆసక్తి గల విద్యార్థులు అక్కడి కోర్సుల వివరాలు తెలుసుకొనవచ్చును. ప్రయోగశాలకు ఒక ధ్రువణ సూక్ష్మదర్శినిని సమకూర్చితే నేతి పూసలను, ప్లాస్టిక్కు బంతులను విద్యార్థులు కళ్లారా చూడగలరని కమిటీ పెద్దలకు మా విన్నపం. అంతవరకు సెల్‌ఫోను తెర ముందు పలుచని అభ్రకపు రేకును పట్టుకొని ధ్రువణ నల్లకళ్లద్దాలలో నుండి తిప్పి చూస్తే రంగులు విరియడం చూడవచ్చు, ఖర్చేమీ లేదు.

మేము చెప్పినదంతా మామూ ఓపికగా విన్నారు. విని, ఒక గోనె సంచి నుండి పిడికెడు సీసా మూతలు తీసి బల్ల మీద పోసి, "మరి వీటిని ఏ కుప్పలో వేయాలో చెప్పండి" అన్నారు. మూతలు పాలిథీనుతోనూ చేస్తారు, పాలిప్రొపిలీనుతోనూ చేస్తారు. 1988లో అమెరికాలో మొదలైన గుర్తుల పద్ధతి ప్రకారం త్రికోణంలో 2 అని ఉంటే గట్టి పాలిథీను, 5 అని ఉంటే పాలిప్రొపిలీను. ఒక్కొక్క మూతను వెలుతురుకు పట్టి లోపలి వైపు వెదకితిమి. పదకొండు మూతలలో నాలుగింటికి 2, మూడింటికి 5 ఉన్నవి. మిగిలిన నాలుగింటికి ఏ అంకె లేదు. వాటిని మామూ మా చేతి నుండి తీసుకొని, ఒక్కొక్కటిగా రాతి మీద తట్టి చెవి ఒగ్గారు.